వెనక చక్రం దగ్గర తడి

పాడేరు ఘాటీలో, ఒక సంత రోజు పొద్దున్నే, మా మావయ్య జీపు బ్రేకు అందక కొండను గుద్దుకుని పక్కకు ఒరిగిపోయింది. మావయ్య అక్కడికక్కడే పోయాడు. ఆయన పక్క సీట్లో కూర్చున్న ముసలమ్మ దిగువకు చేరకముందే కన్నుమూసింది. వెనక కూర్చున్నవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. టాపు మీది పసుపు బస్తాలు పగిలి ఆ మలుపంతా పచ్చగా అయిపోయిందని చూసివచ్చినవాళ్లు చెప్పారు.

ఈ కథకు ఇంకో ముగింపు లేదు. అందుకే ముందే చెప్పేశాను. జరిగింది తలుచుకుంటే కన్నీళ్లు వస్తాయి, కాసేపటికి ఆగుతాయి. జరగకుండా ఎన్నిచోట్ల ఆగి ఉండేదో తలుచుకుంటే మాత్రం గుండె చెరువవుతుంది. ఆ చావు ఉన్నట్టుండి వచ్చిపడలేదు. వెనక ఎడమ చక్రం లోపలి వైపు చిన్న తడిగా మొదలైంది. రోజూ కంటికి కనబడుతూ, రోజూ "రేపు చూద్దాంలే" అనిపించుకుంటూ, ఒక్కో చుక్కే జారుతూ, ఆ మలుపు దాకా మావయ్య వెంటే వచ్చింది.

అది మిలటరీ డిస్పోజల్ జీపు. వేలంలో ఎవరో కొన్నారు, ఎవరికో అమ్మారు. చేతులు మారి మారి మావయ్య దగ్గరకు వచ్చేసరికి దాని వయసెంతో చెప్పగలిగినవాడు లేడు. పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను ఎక్కించారు. వెనక బాడీ సాగదీసి ఎదురుబొదురుగా రెండు బల్లలు వేశారు. పైన ఊచల టాపు కట్టారు. ఇన్ని మార్చినా, కింద ఉన్న ఎముకలు మాత్రం పాతవే: పాత గేరుబాక్సు, పాత ఇరుసులు, పాత బ్రేకు.

జీపు పుట్టిందే దారి లేని చోటికి వెళ్లడానికి. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ ఆ నమూనా చేయడం మొదలుపెట్టింది. ఫోర్డు కూడా చేయి కలిపింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోగా ఆ రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఆనాటి నుంచి గెడ్డలు దాటాలన్నా, బురదలో ఎక్కాలన్నా, రాళ్ల బాట పట్టి కొండకొన మీది ఊరికి పోవాలన్నా, మన్యంలో జనం ఆశపడి ఎదురుచూసింది ఆ బండి కోసమే. యుద్ధం కోసం పుట్టిన బండి పసుపు బస్తాలు మోసింది, పెళ్లివారిని మోసింది, జ్వరాలతో మూలుగుతున్న పిల్లల్ని మోసింది.

అవి 108 అంబులెన్సులు రాకముందు రోజులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సేవ మొదలైంది 2005 ఆగస్టు 15న. అంతకుముందు మన్యంలో మనిషికి ప్రాణం మీదికి వస్తే రెండే దారులు. ఒకటి డోలీ, రెండోది దగ్గరలో ఏ జీపైనా ఉంటే దాని డ్రైవరు దయ. కర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాల మీద మోసుకుంటూ కొండ దిగేవారు. మావయ్య జీపు ఉన్న ఊళ్లలో ఆ డోలీ రోడ్డు దాకా వస్తే చాలు. అర్ధరాత్రి తలుపు కొట్టినా ఆయన లేచేవాడు. తువ్వాలు తలకు చుట్టుకుంటూ, "ఎవులికేటయింది?" అని అడుగుతూనే చెప్పుల్లో కాళ్లు పెట్టేవాడు. రోగిని ఎక్కించుకున్న ట్రిప్పుకు కిరాయి అడగగా ఎవరూ వినలేదు. తర్వాత వాళ్లే ఏ పనసకాయో, ఏ పిప్పళ్ల మూటో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లేవారు.

ముందు సీటు ఎప్పుడూ ముసలివాళ్లది. పంచాయతీ పెద్ద వచ్చినా సరే, నడుం వంగినవాళ్లు ఉంటే వెనక్కి వెళ్లాల్సిందే. ఎంత జనం ఉన్నా, "ఇంకొక్కర్ని ఎక్కించుకో బావా" అంటే కాదనడం ఆయనకు చేతకాదు. మా అమ్మ తన తమ్ముడి గురించి ఎప్పుడూ ఒకే మాట అనేది: "వాడి నోట్లో లేదన్న మాట దేవుడు పెట్టలేదు." ఆ మాట ఆవిడ గర్వంగా అనేది. తర్వాత తర్వాత ఆ మాటే అంటూ కొంగు కళ్లకు అద్దుకునేది.

జీపు బ్రేకు ఎలా పనిచేస్తుందో చెప్పకపోతే ఈ దుఃఖం సగమే అర్థమవుతుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ లోపలి నూనె ముందుకు తోసుకుపోతుంది. ద్రవానికి అణిగే గుణం లేదు కాబట్టి కాలి ఒత్తిడి సన్నని పైపుల గుండా నాలుగు చక్రాలకూ చేరుతుంది. అక్కడ ఒక్కో చక్రంలో చిన్న వీల్ సిలిండర్. దాని రెండు చివర్లా రబ్బరు కప్పులు. అవి బయటికి నెట్టుకుంటే బ్రేక్ షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. అంతే. ఆ రబ్బరు కప్పు అంచు గట్టిగా ఉన్నంతకాలం బండి మాట వింటుంది. అంచు అరిగి నూనె బయటికి వచ్చిందా, వెళ్లిన నూనె స్థానంలో గాలి చేరుతుంది. గాలికి అణిగే గుణం ఉంది. కాలి ఒత్తిడంతా ఆ గాలిని అణచడానికే సరిపోతుంది. పెడల్ మెత్తబడుతుంది, ఆపైన నేలకు తాకుతుంది.

ఆ పాత జీపులో ఇంకో లోపం ఉంది. నాలుగు చక్రాలకూ ఉన్నది ఒకే నూనె దారి. ముందుకొకటి, వెనక్కొకటి అని రెండుగా విడదీసిన బ్రేకు అందులో లేదు. ఒకచోట పగిలితే మిగతా రెండు చక్రాలైనా పట్టుకునేలా ఆ ఏర్పాటును అమెరికాలో కొత్త కార్లకు 1968 నుంచి తప్పనిసరి చేశారు. మావయ్య జీపు అంతకుముందు కాలపు నమూనా. ఒక్క చక్రంలో ఒక్క రబ్బరు కప్పు ఓడిపోతే నాలుగు చక్రాలూ ఓడిపోతాయి.

మొదట చూసింది క్లీనర్ కుర్రాడు. జీపు కడగడం వాడి పని. చింతచెట్టు కింద ఆపి, గెడ్డ నుంచి బిందెతో నీళ్లు తెచ్చి చక్రాలు తోముతుంటే, వెనక ఎడమ టైరు లోపలి గోడ మీద సన్నని తడి చార కనబడింది. దానికి దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంది. వాడు వేలితో రాసి చూశాడు. పల్చగా, జారుడుగా ఉంది. నీళ్లు పోస్తే ఇట్టే కడుక్కుపోయింది.

"గురువుగారూ, ఎడం వెనక చక్రం లోపలేపు తడిగా ఉందండి."

"ఇరుసు ఆయిలేలేరా. సీలు పోయుంటాది. సంతల రద్దీ తగ్గాక చూద్దాం."

పాత జీపు కింద నూనె మరక లేని రోజు ఉండదు. ఇంజను కింద ఒకటి, గేరుబాక్సు కింద ఒకటి, ఇరుసు కింద ఇంకొకటి. ఆ మరకలకు అలవాటుపడ్డ కన్ను కొత్త మరకను కూడా పాతవాటి లెక్కలో వేసేసింది. కానీ ఇరుసులో పోసే గేరు ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఘాటైన వాసన కొడుతుంది, ఉత్త నీళ్లకు వదలదు. నీళ్లకే కడుక్కుపోయేది బ్రేక్ ఆయిల్. కుర్రాడి వేళ్లకు ఆ తేడా తెలిసింది, అర్థం తెలియలేదు. మావయ్యకు అర్థం తెలుసు, ఆయన వేలు పెట్టి చూడలేదు. ఆ పూట ఆయన వంగి ఆ చారను ఒక్కసారి ముట్టుకుని ఉంటే ఈ కథ నేను రాయవలసిన పని ఉండేది కాదు.

రెండో హెచ్చరిక రంగు మీద కనబడింది. బ్రేక్ ఆయిల్ పడిన చోట పెయింటు నిలవదు. చక్రం లోపలి రిమ్ము మీద ఆకుపచ్చ రంగు పొక్కి, ముడతలు పడి, గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడివచ్చింది. కుర్రాడు ఆ పొర ఒకటి అరచేతిలో పెట్టుకొచ్చి చూపించాడు. మావయ్య ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలిందని వాడంటాడు. ఆ రోజే ఆయన కాళ్ల కింది రబ్బరు మ్యాటు ఎత్తి, నేల రేకు మూత విప్పి, మాస్టర్ సిలిండర్ లోకి చూశాడు. ఆ జీపులో మాస్టర్ సిలిండర్ ఇంజను పక్కన, కంటికి ఎదురుగా ఉండదు. డ్రైవరు పాదాల కింద, ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాన్ని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, మట్టి తుడవాలి, మరలు విప్పాలి. అందుకే ఎవరూ తరచుగా చూడరు.

నూనె బాగా దిగిపోయి ఉంది. మావయ్య సీసా తెచ్చి నిండా పోశాడు. పెడల్ మళ్లీ గట్టిపడింది. ఆయన ముఖం తేటపడింది.

నేను ఎక్కువగా ఏడ్చేది ఈ చోటనే. బ్రేక్ ఆయిల్ ఖర్చయ్యే సరుకు కాదు. డీజిల్లా మండిపోదు. షూలు అరిగేకొద్దీ మట్టం కాస్త దిగుతుంది, అంతకుమించి దిగిందంటే బయటికి పోతున్నట్టే లెక్క. ఎక్కడికి పోతోందన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఆ బండి కదలకూడదు. మావయ్య ఆ ప్రశ్న వేసుకోలేదు, మట్టం మాత్రం నింపాడు. సీసాలో ఇంకా సగం మిగిలి ఉంది. దాన్ని సీటు కింద పెట్టాడు. ఆ సీసా ఆయనకు ధైర్యం ఇచ్చింది. బాగుచేయించాలన్న తొందరను ఆ ధైర్యమే మింగేసింది.

మూత తీసిన సీసాలోని బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవచ్చు. మన్యపు మంచులో, సీటు కింద, వదులు మూతతో దొర్లుతున్న సీసా. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో బళ్లు వదిలే ఘాటీలో, కాలుతున్న డ్రమ్ములు. మంచి రబ్బరు ఉన్న బండికే అది గండం. మావయ్య బండికి ఆ రబ్బరు కూడా లేదు.

మూడో అవకాశం మనిషి రూపంలో వచ్చింది. సంతకు ముందు రోజు మావయ్య ఏదో కిరాయి మీద ఘాటీ దిగి చోడవరం వెళ్లాడు. అక్కడ బ్రేకు వేసినప్పుడల్లా బండి కుడివైపు లాగింది. ఎడమ షూ నూనెలో తడిసి జారిపోతుంటే కుడి షూ ఒక్కటే పట్టుకుంటోంది, అందుకే ఆ లాగుడు. తెలిసిన మెకానిక్ ఒకాయన చక్రం పక్కన గొంతుక్కూర్చుని, లోపలికి చెయ్యిపెట్టి, తడిసిన వేళ్లు పైకెత్తి చూపించాడు.

"బండి ఇక్కడ వదిలేసి వెళ్లు బావా. నాలుగు చక్రాలూ విప్పాలి. ఒకదాంట్లో రబ్బరు పోయిందంటే మిగిలినవీ దాని ఈడువే. సరుకు తెప్పించి, బిగించి, ఎయిర్ తీసి, ఎల్లుండికి ఇచ్చేస్తాను."

"రేపు సంత. ఊరంతా పసుపు బస్తాలు కట్టుకుని కూర్చున్నారు. సంతయ్యాక నేనే తెచ్చి నీకప్పగిస్తాను."

"బావా, ఘాటీ దిగాలి నువ్వు."

"తెలుసులే. నెమ్మదిగా దింపుతాను."

ఆ మెకానిక్ చాలా ఏళ్లు ఆ మాటలు చెప్పుకుని బాధపడ్డాడు. తాళం చెవి లాక్కోవలసింది అనేవాడు. ఆయన తప్పేమీ లేదు. తాళం చెవి లాక్కునే చనువు ఎవరికీ లేకపోవడమే మావయ్య దురదృష్టం. ఊళ్లో అందరికీ ఆయన మీద ప్రేమ ఉండేది, కోప్పడే అధికారం ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం ఘాటీ ఎక్కుతుంటే జీపు చక్కగా నడిచింది. ఎక్కడానికి బ్రేకుతో పనేముంది? ఇంజను ఉంటే చాలు. దారి పొడవునా మావయ్య కూనిరాగం తీశాడట. ఇంటికి వచ్చాక అత్త అన్నం పెడుతూ, "మెకానిక్ ఏటన్నాడు?" అని అడిగింది. "సంతయ్యాక రమ్మన్నాడు" అన్నాడు. అబద్ధం చెప్పడం ఎరగని మనిషి, ఆ ఒక్క రాత్రి సగం నిజం చెప్పాడు. అత్త ఇంకొక్క మాట అడిగి ఉంటే మిగతా సగం కూడా చెప్పేవాడేమో.

తెల్లవారకముందే వాకిట్లో బస్తాలు దిగాయి. ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన పసుపు. నెలల కష్టం అది. దాన్ని అమ్మిన డబ్బుతోనే ఉప్పూ చింతపండూ, పిల్లలకు బట్టలూ, షావుకారు బాకీలో కొంతైనా తీర్చడమూ. ఆ జనం ముఖాలు చూసి "ఇవాళ బండి కట్టను" అనాలంటే గుండె రాయి చేసుకోవాలి. పెడల్ తొక్కి చూశాడు. సగానికి పైగా దిగింది. రెండోసారి తొక్కాడు, పైకి వచ్చింది. మూడోసారి గట్టిపడింది. "పంపింగ్ కొడితే అందుతోంది" అన్నాడు కుర్రాడితో. రేకు మూత విప్పి, సీసాలో మిగిలింది ఆఖరి చుక్క దాకా పోసి, ఖాళీ సీసా పక్కన పడేశాడు.

పంపింగ్ కొడితే అందుతోంది. ఆ మాట మీద నమ్మకంతో ఎన్ని బళ్లు ఘాటీలు దిగాయో, ఎన్ని దిగలేదో. నాలుగుసార్లు తొక్కితే అందే బ్రేకు, నాలుగుసార్లు తొక్కే వ్యవధి ఉన్నంతవరకే బ్రేకు. మలుపు దగ్గర ఆ వ్యవధి ఉండదు.

చివర్లో ముసలమ్మ వచ్చింది. మూటలో కాసిని పిప్పళ్లు, దిగువన కూతురికి పెట్టడానికి కొత్త చీపురు. జీపు అప్పటికే నిండిపోయింది. వెనక కుర్రాళ్లు ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. "ఈ వారానికి ఆగిపో అప్పా" అన్నారెవరో. మావయ్య ముందు సీట్లో ఉన్నవాణ్ణి లేపి వెనక్కి పంపి, ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించి కూర్చోబెట్టాడు. ఆమె చేసుకున్న పాపమల్లా అందరికంటే పెద్దదై ఉండటమే. ఆయన చేసిన తప్పల్లా ఆమెను ఎప్పటిలా గౌరవించడమే.

ఘాటీలో మోదకొండమ్మ పాదాల దగ్గర ప్రతి బండీ ఆగుతుంది. కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, అమ్మకు దణ్ణం పెట్టుకుని కదలడం అక్కడి ఆచారం. మావయ్య కూడా ఆపాడు. పంపింగ్ కొట్టి కొట్టి ఆపాడు. కుర్రాడు దిగి వెనక్కి వెళ్లి చూశాడు. టైరు లోపలి గోడంతా తడిసి మెరుస్తోంది, కింద రోడ్డు మీద చుక్కలు పడుతున్నాయి.

"గురువుగారూ, నీళ్లలా కారిపోతోందండి."

మావయ్య దిగి వచ్చాడు. ఈసారి వంగాడు, వేలితో ముట్టుకున్నాడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూశాడు. అప్పుడాయనకు అంతా తెలిసిపోయిందని కుర్రాడంటాడు. నిలబడి జనం వైపు చూశాడు. టాపు మీది బస్తాల వైపు చూశాడు. వెనక నుంచి ఎవరో "సంత అయిపోతాది బావా, పద" అని కేకేశారు. కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చక్రం కింద వేసే చెక్కదిమ్మ కుర్రాడి చేతికిచ్చి, "వెనక మెట్టు మీద నిలబడు. నేనరిస్తే దూకి చక్రం ముందర పడెయ్" అన్నాడు.

అప్పటికీ మించిపోలేదు. అందర్నీ దింపేసి, రాళ్లు అడ్డం పెట్టి, కింది నుంచి ఇంకో బండి వచ్చేదాకా కూర్చోవచ్చు. అది కుదరదనుకున్నా, ఇంకో దారి ఆయన చేతి పక్కనే ఉంది. ఆ జీపులో గేరు కర్ర పక్కన ఇంకో రెండు చిన్న లివర్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజను బలం కలుపుతుంది. రెండోది వేగాన్ని చంపి బలాన్ని పెంచుతుంది. బురదలో, రాళ్ల బాటలో, ఏ బండీ ఎక్కలేని చోట ఆ రెండూ లాగి మావయ్య డోలీ దాకా వెళ్లేవాడు. బండి నిలిచి ఉన్నప్పుడు ఆ రెండూ వేసి, ఫస్టు గేరులో వదిలితే, బ్రేకు లేకపోయినా ఇంజనే బండిని పట్టుకుని మనిషి నడకతో దించుతుంది. టైర్లు అరిగేవి, మలుపుల్లో స్టీరింగు బిగిసేది, దిగువకు చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. అయినా దిగేది. జీపును జీపుగా చేసిన ఆ రెండు లివర్లూ ఆయన మోకాలికి తగులుతూనే ఉన్నాయి. ఎక్కడానికి తప్ప వాటిని వాడిన అలవాటు ఆయనకు లేదు.

సెకండు గేరులో కదిలాడు.

మొదటి మలుపులు సాగాయి. తర్వాత వాలు పెరిగింది. బరువు వెనక నుంచి తోస్తోంది. ఎదురుగా గుండుసూది మలుపు. మావయ్య తొక్కాడు. పెడల్ నేలకు తగిలింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ నేలే. మూడోసారీ అంతే. ఆయన నోటి నుంచి "అమ్మా" అన్న మాట మాత్రం వచ్చిందని వెనక బల్లల మీద ముందువైపు కూర్చున్నవాళ్లు చెప్పారు. సెకండు నుంచి ఫస్టుకు లాగాడు. ఆ పాత గేరుబాక్సులో ఫస్టు గేరు బండి దాదాపు ఆగితే తప్ప పడదు. పళ్లు గిర్రున ఒరుసుకుని గేరు బయటే నిలిచిపోయింది. ఇంజను పట్టు కూడా తప్పింది. హ్యాండు బ్రేకు లాగాడు. ఆ జీపులో హ్యాండు బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేర్ల పెట్టె వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని గేరు ఆయిల్ కారి కారి దాని లైనింగు నూనెలో నానిపోయి ఉంది. హాని లేదనుకున్న పాత మరక, చివరి ఆధారాన్ని కూడా అప్పటికే తినేసింది.

"దూకండ్రా!" అని అరిచాడు. వేలాడుతున్న కుర్రాళ్లు దూకేశారు. క్లీనర్ దూకి దిమ్మ విసిరాడు. చక్రం దాన్ని పక్కకు చిమ్మి వెళ్లిపోయింది. ఎడమవైపు లోయ, కుడివైపు కొండ. కుడివైపంటే ఆయన కూర్చున్న వైపు. లోపల ఇంకా జనం ఉన్నారు. మావయ్య స్టీరింగు కుడికి తిప్పాడు.

తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి చక్రం విప్పించాడు. వీల్ సిలిండర్లోంచి తీసిన రబ్బరు కప్పు రూపాయి బిళ్లంత ఉంది. అంచు ఒకచోట గట్టిపడి, చిట్లి, వంకరపోయింది. ఒక పూట కిరాయిలో పదో వంతు ఖరీదు చేయని వస్తువు. మా తాతయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "దీనికా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఘాటీ దారుల్లో ఈ శోకం మా ఒక్క ఇంటిది కాదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు దగ్గర కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలోకి జారి 60 మందికి పైగా పోయారు. ఆ వార్త విన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇంకో బండి లేని చోట ఉన్న ఒక్క బండి మీదే ఊరంతా ఎక్కుతుంది. ఎక్కొద్దని చెప్పగల మనిషి ఉండడు. ఉన్నా, చెప్పి తర్వాత ఆ ఊళ్లో తలెత్తుకోవడం కష్టం.

జీపు పోయాక ఆ కొండ ఊళ్లలో మళ్లీ డోలీలు చాలా దూరం నడిచాయి. ఆ వానాకాలం జ్వరాలకు ఎవరు పోయారో, మావయ్య ఉంటే ఎవరు బతికేవారో లెక్క తీసినవాళ్లు లేరు. అత్త గుమ్మంలో పనసకాయలు పెట్టడం మాత్రం జనం చాలా ఏళ్లు మానలేదు. ముసలమ్మ కూతురు ఒకసారి వచ్చింది. తిడుతుందేమోనని అత్త వణికింది. ఆమె వచ్చి అత్త పక్కన కూలబడి, "మీ ఆయన మాయమ్మని ఎప్పుడూ నడవనియ్యలేదు" అని ఏడ్చింది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

క్లీనర్ కుర్రాడు ఇప్పుడు పెద్ద డ్రైవరు. ఇంజను వేయకముందే పెడల్ గట్టిగా తొక్కి, కాలు తీయకుండా అలాగే పట్టుకుంటాడు, మెల్లగా జారిపోతోందేమోనని. చక్రాల లోపలి గోడలు చేత్తో తడుముతాడు. నూనె మట్టం వెంట్రుకవాసి దిగినా, కారణం దొరికేదాకా బండి తీయడు. జనం విసుక్కుంటారు. వాడు పడతాడు.

మావయ్యను తప్పుపట్టడం తేలిక. నేను ఆ పని చేయలేను, ఆయన్ని పూర్తిగా వెనకేసుకురానూ లేను. ఆయన ఎవరి చెడూ కోరలేదు. పసుపు అమ్ముడుపోవాలని కోరాడు, ముసలమ్మ కూతుర్ని చూడాలని కోరాడు, ఎవరూ నిరాశపడకూడదని కోరాడు. కానీ బండి నడిపేవాడి మంచితనానికి ఒక గట్టి "కాదు" తోడుండాలి. ఆ ఒక్క మాట ఆయన ఆ రోజు అని ఉంటే సంత తప్పిపోయేది. పసుపు ఇంకో వారం వాకిట్లో ఉండిపోయేది. షావుకారు నాలుగు మాటలనేవాడు. ముసలమ్మ మూట చంకన పెట్టుకుని గొణుక్కుంటూ వెనక్కి నడిచేది. మా మావయ్యను అందరూ తిట్టుకునేవారు, తిట్టుకుంటూనే అందరూ ఇళ్లకు చేరేవారు.